ఈ రాఘవ మామూలుగా మాట్లాడడా?

నా మొదటి కథ అచ్చయినప్పుడు పిన్ని ఆ పత్రిక తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని మరీ చదివింది. పెన్సిల్ ఎందుకో అప్పుడు నాకు తట్టలేదు. చదవడం అయ్యాక మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. “ఏమే, ఈ రాఘవ మామూలుగా మాట్లాడడా?” అని అడిగింది.

కథలో అన్నదమ్ములిద్దరు పాత ఇల్లు అమ్మాలా వద్దా అని వాదించుకుంటారు. తొమ్మిది పేజీలు. అందులో అన్న రాఘవ మొదట ఉద్ఘాటించాడు. తర్వాత నిష్ఠూరమాడాడు, ప్రకటించాడు, గద్దించాడు, బదులు పలికాడు, చివరికి గర్జించాడు. తమ్ముడేం తక్కువ తినలేదు. వాపోయాడు, గొణిగాడు, విస్తుపోయాడు, ఆక్రోశించాడు. ‘అన్నాడు’ అనే మాట కథ మొత్తంలో మూడుసార్లు మాత్రం వచ్చింది, అందులో ఒకటి ‘అన్నడు’ అని అచ్చుతప్పుతో. మిగతావాటి కింద పిన్ని బుద్ధిగా గీతలు గీసిపెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ మాటలన్నీ నేను కూర్చుని వెతికి వెతికి తెచ్చుకున్నవి. ఒకే మాట పదేపదే రాస్తే పదసంపద లేదని అర్థం అన్నట్టు బళ్ళో పెరిగాం కదా. ఇంగ్లీషు క్లాసుల్లో అయితే ‘సెడ్ ఈజ్ డెడ్’ (‘అన్నాడు’ చచ్చిపోయింది) అని గోడకి చార్టు అంటించి, దాని కింద ప్రత్యామ్నాయ క్రియల జాబితా కూడా ఇస్తారు. అదంతా పిన్నికి చెప్పబోయాను. ఆవిడ విన్లేదు.

“‘నేను బతికుండగా ఈ ఇల్లు అమ్మనివ్వను’ అన్నాక మళ్ళీ గర్జించాడని నువ్వు చెప్పాలా? నాకు వినపడలేదనుకున్నావా?”

సంభాషణ వెనక తగిలించే ఈ క్రియని ఇంగ్లీషులో డైలాగ్ ట్యాగ్ అంటారు. నేను తోకమాట అని పిలుచుకుంటాను. ఆ రోజు నుంచీ ఏ కథ చదివినా ముందు తోకలే కనబడుతున్నాయి. ఇది జబ్బే. కానీ ఈ జబ్బున్నవాళ్ళు చాదస్తులని కొట్టిపారేసే ముందు, వాళ్ళకి ఏం కనబడుతోందో కొంచెం ఓపిగ్గా చూడాలి.

ముందు నేను ఏం చేశానో చెప్తాను. అందరూ చేసే పనే. ఇంగ్లీషు పుస్తకాల్లో మందు వెతికాను. అమెరికన్ నవలాకారుడు ఎల్మోర్ లెనార్డ్ 2001లో న్యూయార్క్ టైమ్స్‌లో పది సూత్రాలు రాశాడు. అందులో మూడోది, సంభాషణని మోయడానికి ‘సెడ్’ తప్ప ఇంకో క్రియ వాడొద్దని. నాలుగోది, ఆ ‘సెడ్’కి ‘గంభీరంగా’ లాంటి క్రియావిశేషణం కూడా తగిలించొద్దని. ఆయన చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. సంభాషణ పాత్ర సొత్తు, దాని పక్కనున్న క్రియ మాత్రం రచయిత మధ్యలో దూర్చే ముక్కు. అమెరికన్ రచయిత్రి మేరీ మెకార్తీ రచనలో ఒకచోట సంభాషణ చివర ‘ఎసెవరేటెడ్’ అని కనిపిస్తే, చదవడం ఆపి డిక్షనరీ తీయాల్సొచ్చిందట ఆయనకి. ఒట్టేసినంత గట్టిగా చెప్పడం అని ఆ మాటకి అర్థం. ఆ పాత్ర ఏం చెప్పిందో లెనార్డ్ అక్కడ రాయలేదు. ఎలా చెప్పిందో మటుకు గుర్తుపెట్టుకుని ప్రపంచానికంతా చెప్పాడు. తోక ఊగితే జరిగేది ఇదే.

సరే, గురువు దొరికాడు కదా అని నా కథలో ఉన్న గర్జనలన్నీ తీసేసి అన్నిచోట్లా ‘అన్నాడు’ పెట్టాను. పిన్నికి మళ్ళీ ఇచ్చాను. ఈసారి పెన్సిల్ కూడా తీసుకోలేదు ఆవిడ. రెండు పేజీలు చదివి, “ఇప్పుడు కోర్టులో గుమాస్తా వాంగ్మూలం చదువుతున్నట్టుందే” అంది.

అప్పుడు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఇంగ్లీషులో పనిచేసే మందు ఇక్కడెందుకు వికటించింది?

‘సెడ్’ కంటికి ఆనదని, కామా లాంటిదని ఇంగ్లీషు రచయితలు చెప్పే మాట వాళ్ళ భాషలో చాలావరకు నిజమే. ఆ మాటలో ఏ సమాచారమూ లేదు. మగ, ఆడ, చిన్న, పెద్ద, ఎవరు మాట్లాడినా ఒకటే ‘సెడ్’. మన ‘అన్నాడు’ అలా కాదు. మాట్లాడినవాడు మగవాడని చెప్తుంది. ఒక్కడేనని చెప్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కథ చెప్పేవాళ్ళకి ఆ మనిషి మీద ఎంత గౌరవం ఉందో చెప్తుంది. అదే మనిషి ‘అన్నారు’ అయితే మొత్తం లెక్క మారిపోతుంది. ఆడమనిషి అయితే ‘అంది’ అనాలా, ‘అన్నది’ అనాలా, ‘అన్నారు’ అనాలా? ‘అంది’ చిలక్కీ సరిపోతుంది, చెల్లెలికీ సరిపోతుంది. హెడ్మిస్ట్రెస్‌కి సరిపోతుందా అంటే, కథ ఆవిడ కిందపనిచేసే టీచర్ చెప్తోందా, ఆవిడ అక్క చెప్తోందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అంటే మనకి కంటికి ఆనని తోకమాట అసలు లేదు. ‘అన్నాడు’ రాసిన ప్రతిసారీ కథకుడు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో చెప్పేస్తున్నాడు. నలభైసార్లు వరసగా రాస్తే నలభైసార్లూ వినపడుతుంది. పిన్ని చెవి మంచిది.

ఇంకో తేడా మన ‘అని’లో ఉంది. ఇంగ్లీషులో ఈ తోకలు కనిపెట్టే పాఠకులకి బాగా కోపం తెప్పించేది, సంభాషణ తర్వాత కామా పెట్టి నేరుగా ‘నవ్వింది’ అని రాయడం. మాటని నవ్వడం ఎలా కుదురుతుంది, నవ్వు వేరు మాట వేరు అని వాళ్ళ వాదన. ఆ వాక్యంలో నవ్వే మాట్లాడే క్రియ అయిపోతుంది కాబట్టి వాళ్ళ అభ్యంతరం సరైనదే. తెలుగులో “నాకేం తెలుసు” అని నవ్వింది అంటే ఏ పేచీ లేదు. ‘అని’ దగ్గరే మాట అయిపోయింది. ఆ తర్వాత నవ్వచ్చు, ఏడవచ్చు, తలుపేసుకోవచ్చు. “ఇంక నీ ఇష్టం” అని లేచాడు. “చూద్దాం” అని ముఖం తిప్పుకుంది. ఇంత సుళువైన సదుపాయం చేతిలో పెట్టుకుని, ఈ మధ్య కొన్ని కథల్లో “నాకేం తెలుసు,” నవ్వింది అని కామాతో రాయడం చూస్తున్నాను. ఇంగ్లీషువాళ్ళు తప్పని ఒప్పుకున్న వాక్యాన్ని, మన ‘అని’ పీకేసి మరీ తెచ్చుకోవడం అన్నమాట. ఇది చూసినప్పుడల్లా నాకు పిన్ని పెన్సిల్ గుర్తొస్తుంది.

అలాంటిదే బుసల గొడవ. ఇంగ్లీషు పాఠకుల్లో ఒక వర్గం, ఎవరైనా ‘హిస్’ చేశారని రాస్తే ఆ సంభాషణలో స ధ్వని ఉందా లేదా అని వెతుకుతుంది. లేకపోతే రచయితని పట్టుకుంటుంది. స లేకుండా బుస ఎలా అని. మనకి ఆ బెంగ లేదు. బుసకొట్టడంలో మనం వినేది కోపంతో ఎగసే ఊపిరిని, పడగెత్తడాన్ని. “పో బయటికి” అని బుసకొట్టాడంటే అందులో ఒక్క స లేకపోయినా మనకి పాము కనబడుతుంది. కాబట్టి ఇంగ్లీషులో తప్పులు పట్టేవాళ్ళ చిట్టా యథాతథంగా తెచ్చుకుని మన కథల మీద పెట్టడం కూడా సరికాదు. అలా చేసేవాళ్ళని ఒకరిద్దరిని చూశాను. ఆ ఒకరిద్దరిలో కొన్నాళ్ళు నేనూ ఉన్నాను.

అయితే ఇవన్నీ చిన్నవి. నాకు నిజంగా తలుపు తెరిచింది వరస. ఒక చోట చదివిన వాక్యం లాంటిదాన్ని ఇక్కడ కల్పించి రాస్తున్నాను:

“తలుపు వెనక ఎవరో ఉన్నారు, కదలకు” అన్నాడు గొంతు బాగా తగ్గించి, దాదాపు వినపడకుండా.

చదివేవాళ్ళు ఆ మాటని అప్పటికే మామూలు గొంతుతో లోపల వినేశారు. కొందరైతే అరుపుగా విని ఉంటారు. ఆ తర్వాత వచ్చి, గొంతు తగ్గించాడని చెప్తున్నారు. వెనక్కి వెళ్ళి మళ్ళీ వినాలి. ఈలోగా తలుపు వెనకున్నవాడు వెళ్ళిపోతాడు. మన వాక్యానికి స్వతహాగా ఉన్న వరస ఇది కాదు. ‘అతను గొంతు తగ్గించి, “తలుపు వెనక ఎవరో ఉన్నారు, కదలకు” అన్నాడు.’ ఎలా అన్నాడో ముందొచ్చింది, మాట మధ్యలో ఉంది, క్రియ వాక్యం చివర తన చోట తాను కూర్చుంది. క్రియ చివరికి రావడం మన భాష నడక. ఆ నడకలో తోక నిజంగానే తోకలా ఉంటుంది, తల మీద కొమ్ములా ఉండదు. ‘అన్నాడు రాఘవ’ అని తిరగేసి రాయడం తప్పని అనను. మాట ముందు వినపడాలి, మనిషి తర్వాత తెలియాలి అనుకున్నప్పుడు అది పనికొస్తుంది. చీకట్లో ఎవరో పలికినప్పుడు బాగుంటుంది. ప్రతి వాక్యానికీ చీకటి అక్కర్లేదు కదా.

ఆడియో పుస్తకాలు వచ్చాక ఈ సంగతి ఇంకా బయటపడింది. చదివే గొంతు మంచిదైతే గుసగుసని గుసగుసగానే చదువుతుంది. వెంటనే ‘అని గుసగుసగా అన్నాడు’ అని మళ్ళీ చెప్పాలి, రాసి ఉంది కాబట్టి. కాగితం మీద కన్ను దాటుకుపోయిన తోకలన్నీ చెవిలో కాలికి చుట్టుకుంటాయి. నా కథ ఒకటి అలా చదివించి విన్నప్పుడు ఇయర్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేశాను.

ఇంగ్లీషులో ఈ అతి మీద ఒక ఆటే పుట్టింది. 1910లో మొదలైన టామ్ స్విఫ్ట్ అనే పిల్లల నవలల వరసలో సంభాషణ వెనక క్రియావిశేషణాలు దండిగా ఉంటాయని పేరు. దాన్ని వెక్కిరిస్తూ, క్రియావిశేషణంలో శ్లేష పెట్టి జోకులు చెప్పుకోవడం 1963 ప్రాంతంలో అమెరికాలో పెద్ద సరదా అయింది. వాటిని టామ్ స్విఫ్టీలు అన్నారు. మనకీ ఇది భేషుగ్గా కుదురుతుంది. నిద్రపట్టని రాత్రుళ్ళు నేను కట్టినవి కొన్ని: “కత్తి సాన పట్టించాను” అన్నాడు వాడిగా. “ఫ్యూజు పోయింది” అంది నిస్తేజంగా. “బావి ఇంకా తవ్వాలి” అన్నాడు లోతుగా ఆలోచించి. ఒకసారి మొదలుపెడితే ఆగదు. ఇంకో చిక్కేమిటంటే, ఆ తర్వాత సీరియస్ నవలలో “నా బతుకు చీకటైపోయింది” అంది నిస్తేజంగా అని కనిపిస్తే ఏడుపు సీన్‌లో నవ్వొస్తుంది. తప్పు నాదా, రచయితదా?

కాలం కూడా తోకల్ని నవ్వులాటగా మారుస్తుంది. ‘వాక్రుచ్చాడు’ ఒకప్పుడు నికార్సయిన కావ్యభాష. ఇవాళ ఎవరైనా వాక్రుచ్చారంటే, ఆ మనిషి ఏదో తెలివితక్కువ మాట అన్నాడనే అర్థం. ‘సెలవిచ్చారు’ గౌరవం కోసం పుట్టిన మాట, ఇప్పుడు సగం సార్లు ఎత్తిపొడుపు. ‘ఉవాచ’ సంగతి చెప్పనే అక్కర్లేదు, నాయకుడి నోరుజారుడు మీద పెట్టే శీర్షిక అయిపోయింది. వ్యంగ్యం రాసేవాళ్ళకి ఇది లంకెబిందె. తెలియక రాసేవాళ్ళకి గొయ్యి. చారిత్రక నవలలో రాజుగారు మాటిమాటికీ సెలవిస్తుంటే, ఆయన్ని రచయిత ఆటపట్టిస్తున్నారేమో అని అనుమానం వస్తుంది.

తోకమాటల వల్ల కథల్లో పోయేది మహా అయితే రసం. వార్తల్లో పోయేది అంతకంటే ఎక్కువ, కానీ అక్కడ పెన్సిల్ పట్టుకునేవాళ్ళు తక్కువ. ఏ రోజు పేపరైనా తీయండి. ఒకే మనిషి ఒకే ప్రసంగంలో మొదటి పేరాలో అన్నారు, రెండో పేరాలో తెలిపారు, తర్వాత పేర్కొన్నారు, స్పష్టం చేశారు, వెల్లడించారు. పునరుక్తి లేకుండా చూడాలనే తాపత్రయమే, నా రాఘవ కథలో లాగే. కానీ ఈ మాటలు ఒకటి కాదు. ‘వెల్లడించారు’ అంటే ఉన్న నిజాన్ని బయటపెట్టారని. అది నిజమో కాదో విలేఖరి తేల్చలేదు, క్రియ తేల్చేసింది. ‘ఆరోపించారు’ అంటే రుజువు కావాల్సి ఉందని. ఒకే సంగతి ఒక పక్షం చెప్తే వెల్లడించడం, ఇంకో పక్షం చెప్తే ఆరోపించడం అయితే, సంపాదకీయం వేరే రాయనక్కర్లేదు. ఇక ‘స్పష్టం చేశారు’ అన్న తర్వాత వచ్చే వాక్యాల్లో నాకు ఎన్నిసార్లు ఏమీ స్పష్టం కాలేదో లెక్కలేదు.

మరి ఎప్పుడు రాయాలి, అసలు మామూలుది కాని తోకమాట? ఇక్కడ నాకు దారి చూపించింది చాలా పాతది.

భగవద్గీత 700 శ్లోకాలు. మాట్లాడేవాళ్ళు నలుగురే: ధృతరాష్ట్రుడు, సంజయుడు, అర్జునుడు, కృష్ణుడు. ధృతరాష్ట్రుడు మొదటి శ్లోకం తర్వాత మళ్ళీ నోరెత్తడు. ఎవరు మాట్లాడబోతున్నా శ్లోకానికి బయట, ఛందస్సుతో సంబంధం లేకుండా, మాటకి ముందు ఒకటే తోక: ఉవాచ. అర్జున ఉవాచ, సంజయ ఉవాచ. (ముందొచ్చేదాన్ని తోక అనకూడదేమో.) విశ్వరూపం చూపించబోతున్నా ఉవాచే, సందేహం అడుగుతున్నా ఉవాచే. లెనార్డ్ గారు చూస్తే ముచ్చటపడేవారు.

కానీ శ్లోకాల లోపల, సంజయుడి కథనంలో, ఎక్కడో ఒకచోట ఆ నిష్ఠ సడలుతుంది. రెండో అధ్యాయం పదో శ్లోకం. అర్జునుడు యుద్ధం చేయనని తేల్చి చెప్పి మౌనంగా కూలబడ్డాడు. ఇటు సైన్యం, అటు సైన్యం. అప్పుడు కృష్ణుడు మాట్లాడాడు, ‘ప్రహసన్నివ’. నవ్వుతున్నట్టుగా. నవ్వుతూ కూడా కాదు, నవ్వుతున్నవాడిలా. ఏడుస్తున్న స్నేహితుడి ముందు ఆ నవ్వేమిటి? పరిహాసమా, దయా, ఇంత చిన్నదానికా అన్న తేలికా? ఆ ఒక్క మాట దగ్గర వ్యాఖ్యాతలు తరతరాలుగా ఆగుతూనే ఉన్నారు. తర్వాత వచ్చే మాటల్లో ఆ నవ్వు ఎక్కడా లేదు. సంజయుడు చెప్పకపోతే మనకి తెలిసే వీలే లేదు. మళ్ళీ పదకొండో అధ్యాయంలో, విశ్వరూపం చూసిన అర్జునుడు వణుకుతూ, గొంతు పూడుకుపోయి, భయంభయంగా మాట్లాడాడని చెప్తాడు. అంతే. ఇలాంటివి వేళ్ళమీద లెక్కపెట్టచ్చు.

నా రాఘవ ‘గర్జించాడు’కీ ఆ ‘ప్రహసన్నివ’కీ తేడా అక్కడ తెలిసింది. రాఘవ మాటలోనే గర్జన ఉంది, నేను దాన్ని రెండోసారి చెప్పాను. కృష్ణుడి మాటలో నవ్వు లేదు, సంజయుడు దాన్ని ఒక్కసారి చెప్పాడు. “నాకేం ఫరవాలేదు” అని ఒకడు అరిస్తే ఆ అరుపు రాయాలి, ఎందుకంటే మాట ఇంకోటి చెప్తోంది. “ఎంత ధైర్యం నీకు!” అని ఒకడు బుజ్జగించాడంటే అది కథ. అదే మాటని గద్దించాడంటే సిరా దండగ.

అసలు తోకే లేకుండా చాలాదూరం వెళ్ళచ్చు, మన భాషలో మరీను. ఒకరు ‘నువ్వు’ అని, ఇంకొకరు ‘మీరు’ అని మాట్లాడుకుంటుంటే ఎవరి మాట ఏదో పది వాక్యాలదాకా తప్పిపోదు. ‘ఒరే’, ‘ఏమండీ’, ‘ఏమ్మా’ అనేవి పిలుపులే కాదు, పేరు రాసిన చీటీలు. ఇద్దరూ సమవయస్కులైన స్నేహితులై ఒకరినొకరు ‘ఒరే’ అనుకుంటుంటే మటుకు కష్టం, అక్కడ తోకలు కావాలి. గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’ మొదలయ్యేదే “తలుపు! తలుపు!” అన్న మాటతో. ఎవరన్నారో, ఎలా అన్నారో లేదు. తలుపు తెరవబడలేదని మటుకు ఉంది. ఆ అర్ధరాత్రి పిలిచినవాడి గొంతులో ఎంత బింకం ఉందో, ఎంత బెదురు ఉందో, తెరుచుకోని తలుపే చెప్తుంది.

ఇదంతా రాసేవాళ్ళ గోల, మామూలు పాఠకులు కథ కోసం చదువుతారు, తోకలు ఎవరు చూస్తారు అని నాతో వాదించినవాళ్ళున్నారు. పిన్ని జీవితంలో ఒక్క కథ కూడా రాయలేదు. క్రియ, విశేషణం అనే మాటలు ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఆవిడకి తెలిసిందల్లా, కథలో మనుషుల మాటలు వింటుంటే మధ్యలో ఎవరో భుజం తట్టి “విన్నావా, గర్జించాడు” అంటున్నారని. చాలామంది పాఠకులకి ఆ తట్టుడు తెలుస్తుంది. కథ ఎందుకో సాగలేదని పక్కన పెట్టేస్తారు, కారణం వెతకరు. గీత గీసేవాళ్ళు కారణం దొరకబుచ్చుకున్నవాళ్ళు, అంతే తేడా. అయినా వాళ్ళు చెప్పేదంతా వేదం అనుకోకూడదని కూడా నాకు అనుభవమే. ఆ సంగతి చెప్పి ఆపుతాను.

రెండేళ్ళ తర్వాత ఇంకో కథ రాశాను. ఓ కూతురు తండ్రి గురించి చెప్పుకునే కథ. మొదటి నుంచీ చివరిదాకా ‘నాన్న అన్నారు’. ఆస్పత్రి వరండాలో ఇద్దరూ పోట్లాడుకున్న చోట మటుకు, ఒక్కసారి, ‘నాన్న అన్నాడు’ అని పడింది. అది నేను గమనించలేదు, పత్రికవాళ్ళూ గమనించలేదు. అచ్చయిన వారానికి ఓ పెద్దాయన ఫోన్ చేశారు. నలభై నిమిషాలు మాట్లాడారు. “అమ్మా, ఆ ఒక్కచోట ‘అన్నాడు’ అన్నారే, అక్కడ పుస్తకం మూసేశానమ్మా. ఆ పిల్లకి తండ్రి అక్కడే పోయాడు, తర్వాత పేజీలో కాదు” అన్నారు. నేను “అవునండీ” అన్నాను. థాంక్స్ కూడా చెప్పాను.

పిన్నికి ఈ సంగతి చెప్తే చాలాసేపు నవ్వింది. పోయిన ఏడాది ఆ కథ సంకలనంలో వేస్తూ ప్రూఫులు పంపినప్పుడు, దిద్దినవాళ్ళు ఆ ‘అన్నాడు’ చుట్టూ సున్నా చుట్టి ‘అన్నారు?’ అని పక్కన రాశారు. నేను ఆ సున్నా చెరిపేసి, ‘ఇలాగే ఉంచండి’ అని రాసి పంపాను.